తిరుపతి బైరాగిపట్టెడ పిల్లల కౌన్సిలింగ్ సెంటర్: నాలుగు స్టార్లు, ఒకటి గోడకి కోత

పేరు రాయడం లేదు, ఇందులో మా వాడి సంగతి కూడా ఉంది కాబట్టి.

వాడు తొమ్మిదో తరగతి. జూన్‌లో బడి తెరిచిన రెండో వారం నుంచి పొద్దున ఏడున్నరకి కడుపునొప్పి, బడి టైమ్ దాటిపోగానే మాయం. ఆదివారం అసలు రాదు. స్కానింగ్ తీయించాం, ఏమీ లేదన్నారు. మా అత్తగారు మొక్కుకున్నారు, సరే అని నడిచి కొండకి పోయాం. అలిపిరి నుంచి 3,550 మెట్లు, వాడు నాకంటే ముందెక్కి గాలిగోపురం దగ్గర కూర్చుని నా కోసం ఎదురుచూస్తున్నాడు. కడుపునొప్పి ఊసే లేదు. మర్నాడు సోమవారం, యూనిఫాం వేసుకుని, బూట్ల లేసులు కట్టుకుని ఇంటి ముందు మెట్టు మీద కూర్చున్నోడు నలభై నిమిషాలైనా లేవలేదు, మెడంతా చెమట. ఇది బద్ధకం కాదని అప్పుడు అర్థమైంది. అంతకుముందు రెండు దెబ్బలు కూడా వేశాను, దాచడమెందుకు.

సెంటర్ సంగతికొస్తే, రెండో అంతస్తు, రెండు గదులు, సిట్టింగ్‌కి 700, ముప్పావు గంట. మొదటిరోజు కౌన్సిలర్ మేడం వాడితో బడి మాటే ఎత్తలేదు, రాత్రి ఎన్నింటికి పడుకుంటావు, వీధిలో ఎవరితో క్రికెట్ ఆడతావు, ఇవే. ఇదంతా నాకెలా తెలుసంటే గోడ ప్లైవుడ్‌ది, బయట బెంచీ మీద కూర్చుంటే ప్రతి మాటా వినబడుతుంది. వినకూడదు, విన్నాను. రెండో సిట్టింగ్‌లో చెప్పాడు, మార్కులు చూసి వాణ్ణి ఏ సెక్షన్ నుంచి సీ సెక్షన్‌కి వేశారట, స్నేహితులంతా ఏ సెక్షన్‌లోనే, పైగా లెక్కల సారు స్లిప్ టెస్ట్ మార్కులు క్లాసులో గట్టిగా చదువుతాడట. మాకు ఒక్క ముక్క చెప్పలేదు. బయటికొచ్చి మేడం "వాడు సరేనంటేనే మీకు చెబుతానండీ" అంది, నేను తల వంచుకుని సరేనన్నాను.

నాకు బాగా నచ్చింది ఆమె కాగితం మీద రాసిచ్చిన పద్ధతి. మొదటి వారం యూనిఫాం వేసుకుని నా బండి మీద బడి గేటు దాకా వెళ్లి వెనక్కి వచ్చేయడమే. తర్వాత లైబ్రరీలో ఒక పీరియడ్, ఆ తర్వాత తెలుగు, సైన్స్ మాత్రమే. "ఇదేం బడి, పెట్రోలు దండగ" అని మా ఆవిడ. ఇంట్లో కూర్చున్న కొద్దీ ఆ భయం ముదురుతుందని, అలాగని ఒక్కసారిగా తోసినా మొదటికొస్తుందని మేడం సర్దిచెప్పింది.

బడివాళ్లను ఒప్పించడమే పెద్ద తలనొప్పి. విశాఖలో ఒక నీట్ విద్యార్థిని మరణం కేసులో సుప్రీంకోర్టు 2025 జులైలో మార్గదర్శకాలు ఇచ్చింది, ఆ కాపీ మేడమే ప్రింట్ తీసిచ్చింది. వంద మంది, అంతకు పైన పిల్లలున్న విద్యాసంస్థలో అర్హత ఉన్న కౌన్సిలర్ ఉండాలి, మార్కుల ప్రకారం పిల్లల్ని విడదీయడం, అందరిలో అవమానించడం వీలైనంతవరకు మానాలి. హెచ్చెమ్ ఆ "వీలైనంతవరకు" అనే మాట దగ్గర వేలు పెట్టి నవ్వాడు. సెక్షన్ మార్చలేదు గానీ సగం పూటకి ఒప్పుకున్నాడు, మార్కులు చదవడం ఆపించాడు. అదే పదివేలు.

ఇప్పుడు ఏడో వారం, మధ్యాహ్నం భోజనం దాకా ఉంటున్నాడు. లెక్కల క్లాసుకి ఇంకా పోవట్లేదు, కొన్ని సోమవారాలు జారిపోతున్నాయి. నెలలో మారిపోతాడనుకుని వెళ్లేవాళ్లు వెళ్లకండి.

లోపాలు చెప్పాలి కదా, రసీదు అడిగితేనే ఇస్తారు, సాయంత్రం ఐదు దాటితే ఫోన్ ఎత్తరు. 1,500 పెట్టి ఏదో టెస్ట్ రాయించమని రిసెప్షన్ అమ్మాయి రెండుసార్లు అడిగింది, మేడంని అడిగితే మీ వాడికి అవసరం లేదంది. డబ్బుకి ఇబ్బందైతే ముందు టెలీమానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేయండి, 14416, ఫ్రీ, రాత్రీపగలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు.

ఆ స్టార్ మాత్రం గోడకే కోశాను. పిల్లల్ని తీసుకెళ్తే మీరు బెంచీ మీద కూర్చోకండి, కింద టీ కొట్టు ఉంది, అక్కడ కూర్చోండి.