ల్యాప్‌టాప్‌కి కొత్త కీబోర్డ్ ఆన్‌లైన్‌లో కొంటున్నారా? ముందు వెనకున్న స్టిక్కర్ గీరి చూడండి

కొత్తది, ఒరిజినల్, మీ మోడల్‌కి నూటికి నూరుపాళ్లు సరిపోతుంది అని రాసి ఉంటే నమ్మి కొన్నాను. వచ్చింది మాత్రం వేరే ల్యాప్‌టాప్‌లోంచి ఊడదీసి, తుడిచి, వెనక కొత్త స్టిక్కర్ అంటించిన పాత సరుకు. డబ్బులు వాపసు ఇమ్మంటే "బిగించేటప్పుడు మీరే పాడుచేశారు" అని ఎదురు నా మీదే వేశారు. సెల్లర్ పేరు రాయడం లేదు. పేరు మార్చుకుని మళ్లీ అమ్ముకోవడం వాళ్లకి చిటికెలో పని, కాబట్టి పేరు కన్నా ఆ సరుకు ఎలా ఉంటుందో తెలిస్తేనే మీకు ఉపయోగం.

నా పాత కీబోర్డ్‌లో నాలుగైదు కీలు ఒకేసారి ఆగిపోయాయి. అవి పక్కపక్కనవి కూడా కావు, ఇక్కడొకటి అక్కడొకటి. ఇలా జరిగితే చాలామంది కీల కింద దుమ్ము చేరిందనుకుంటారు, కానీ దుమ్ము అయితే మహా అయితే ఒక కీ, దాని పక్కది మొరాయిస్తాయి. ల్యాప్‌టాప్ కీబోర్డ్ లోపల పల్చటి ప్లాస్టిక్ షీట్ల మీద కరెంటు పారే గీతలు అచ్చువేసి ఉంటాయి, ఒక్కో గీతకి కొన్ని కీలు వేలాడుతుంటాయి, ఆ గీత ఎక్కడైనా తెగితే దాని మీద ఆధారపడినవన్నీ కలిసి పోతాయి. నీళ్లో టీయో ఒలికి ఆ గీతని తినేశాక ఎంత తుడిచినా లాభం లేదు. అందుకే మార్చక తప్పలేదు.

ల్యాప్‌టాప్ మోడల్ పేరు ఒక్కటే చూసి కీబోర్డ్ కొనకూడదని నాకు ముందే తెలుసు. ఒకే మోడల్‌లో లైటు ఉన్నదీ లేనిదీ ఉంటుంది, ఎంటర్ కీ అడ్డంగా ఉండే అమెరికన్ లేఅవుట్ ఒకటి, పొడుగ్గా రెండు వరసలు పట్టే బ్రిటిష్ లేఅవుట్ ఇంకొకటి ఉంటాయి, రిబ్బన్ కేబుల్ (కీబోర్డ్‌ని లోపలి బోర్డుకి కలిపే పల్చటి పట్టీ లాంటి వైరు) ఎటువైపు నుంచి వస్తుందో అదీ మారుతుంది. కాబట్టి పాతది ఊడదీసి, వెనకున్న పార్ట్ నంబర్ ఫొటో తీసి సెల్లర్‌కి పంపాను. "అదే సార్, సేమ్ నంబర్" అని చాట్‌లో రాసిచ్చారు కూడా.

పార్సిల్ విప్పితే స్టిక్కర్ మీద నిజంగానే అదే నంబర్ ఉంది. కానీ స్టిక్కర్ ఒక మూల కాస్త లేచి ఉంది, గోటితో గీరితే కింద ఇంకో స్టిక్కర్, ఇంకో నంబర్! అప్పుడు పరీక్షగా చూస్తే మిగతావీ కనిపించాయి. రిబ్బన్ కొసన ఉండే కాంటాక్టుల మీద సన్నటి గీతలు, అంటే అంతకుముందు ఏదో సాకెట్‌లో పెట్టి తీసినదన్నమాట. స్క్రూలు బిగించే రంధ్రాల చుట్టూ గుండ్రంగా గీరుకుపోయిన మచ్చలు. స్పేస్ బార్ మధ్యలో, ఇంకా ఎక్కువగా వాడే అక్షరాల మీద వేళ్లు రుద్దుకుపోయిన నూనె మెరుపు (మిగతా కీలు మెరుపు లేకుండా ఉంటే ఇవి మాత్రం అద్దంలా మెరుస్తున్నాయి). కనెక్ట్ చేసి చూస్తే కొన్ని కీలు నొక్కినప్పుడు వేరే అక్షరాలు పడ్డాయి, లైటు అసలు వెలగలేదు. సాకెట్‌లో పట్టినంత మాత్రాన సరైన కీబోర్డ్ అనుకోవద్దు, రిబ్బన్ వెడల్పు ఒకటే ఉండి లోపలి వైరింగ్ వేరుగా ఉండొచ్చు.

ఇక వీళ్ల అసలు కిటుకు ఇక్కడుంది. ఇప్పటి పల్చటి ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి కీబోర్డ్ స్క్రూలతో కాదు, పై కవర్‌కి ప్లాస్టిక్ బొడిపెలు కరిగించి అతికించి ఉంటుంది. మార్చాలంటే ఆ బొడిపెలు విరగ్గొట్టాలి. మీరు అవన్నీ విరగ్గొట్టి, కొత్తది అతికించి, ల్యాప్‌టాప్ మిగతా భాగాల చిన్న చిన్న స్క్రూలు పదుల కొద్దీ బిగించి, చివర్లో ఆన్ చేసేసరికి రిటర్న్ అడిగే మొహం ఉండదు, ఎందుకంటే సరుకు మీద మీ చేతి గుర్తులు పడిపోయి ఉంటాయి. అందుకని బిగించే ముందే టెస్ట్ చేయండి: ఛార్జర్ తీసి, లోపల బ్యాటరీ కనెక్టర్ ఊడదీసి, రిబ్బన్ సాకెట్ లాక్ మెల్లగా ఎత్తి కేబుల్ నిటారుగా పూర్తిగా లోపలికి పెట్టి లాక్ వేసి, మళ్లీ బ్యాటరీ కలిపి ఆన్ చేసి ప్రతి కీ నొక్కి చూడండి. కీబోర్డ్ అలా పైన వదులుగా ఉండగానే చూడొచ్చు, కాకపోతే దాని వెనక లోహపు రేకు బోర్డుకి తగలకుండా మధ్యలో ఒక కాగితం పెట్టండి. పార్సిల్ విప్పడం దగ్గర్నుంచి ఇదంతా ఒకే వీడియోగా తీయండి. నా దగ్గర చాట్ ఉంది, ఫొటోలున్నాయి, విప్పిన వీడియో మాత్రం లేకపోవడం వాళ్లకి కలిసొచ్చింది. ఫిర్యాదు ఇంకా నడుస్తోంది.

మ్యాక్‌బుక్ వాళ్లు ఇంకా జాగ్రత్త. యాపిల్ 2015లో తెచ్చిన బటర్‌ఫ్లై అనే పల్చటి కీల కీబోర్డ్ మీద, కీలు ఇరుక్కుపోతున్నాయని ఎన్ని గొడవలయ్యాయో గుర్తుంది కదా, 2018లో వాళ్లే ఉచితంగా బాగుచేసే ప్రోగ్రామ్ పెట్టాల్సొచ్చింది. ఈ రకం ల్యాప్‌టాప్‌లలో కీబోర్డ్ పై కవర్‌కి రివెట్లతో బిగించి ఉంటుంది, "సులభంగా ఇంట్లోనే మార్చుకోండి" అని విడి కీబోర్డ్ అమ్మేవాడు ఆ సంగతి చెప్పడు.

అసలు కొనే అవసరం ఉందో లేదో కూడా చూసుకోండి. విండోస్‌లో కుడివైపు షిఫ్ట్ 8 సెకన్లు నొక్కి పట్టుకుంటే ఫిల్టర్ కీస్ అనే సెట్టింగ్ ఆన్ చేయాలా అని అడుగుతుంది, పొరపాటున సరే అంటే కీలు ఆలస్యంగా పనిచేస్తాయి, కీబోర్డ్ చచ్చిపోయిందనుకుని కొనేవాళ్లున్నారు. బయోస్ స్క్రీన్‌లో (ఆన్ చేయగానే విండోస్ రాకముందే తెరుచుకునే సెట్టింగ్స్‌లో) కీలు పనిచేసి విండోస్‌లో పనిచేయకపోతే తప్పు దాదాపుగా సాఫ్ట్‌వేర్‌దే. పోయింది ఒకటో రెండో కీలే అయితే మైక్రోసాఫ్ట్ వాళ్ల పవర్‌టాయ్స్ అనే సాఫ్ట్‌వేర్‌లోని కీబోర్డ్ మేనేజర్‌తో వాడని కీకి ఆ పని అప్పగించుకోవచ్చు, ఖర్చు లేదు. కీలు బిగుసుకుని, టచ్‌ప్యాడ్ కూడా పైకి లేచినట్టుంటే మాత్రం బ్యాటరీ ఉబ్బిందేమో, అది ఆటలు కాదు, వెంటనే ఆపేసి ఛార్జింగ్ మానేయండి. పొడవకండి, నొక్కకండి.

ఒక్క కీ ఊడిపోతే విడి కీలు అమ్ముతారు కదా, అక్కడా ఇదే మోసం. కీ కింద ఉండే కత్తెర లాంటి ప్లాస్టిక్ క్లిప్‌లు ఒకే బ్రాండ్‌లో కూడా రకరకాలుంటాయి, మీ కీబోర్డ్ మీది లోహపు కొక్కేల ఫొటో పంపితే "అన్నిటికీ పడుతుంది" అని జవాబిచ్చేవాడి దగ్గర కొనకండి. క్లీనింగ్ పేరుతో అమ్మే పేరూ ఊరూ లేని స్ప్రేలూ వద్దు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ దూది పుల్లకి కొద్దిగా తడిపి రాస్తే చాలు, అదీ ల్యాప్‌టాప్ ఆపేశాకే. నెయిల్ పాలిష్ రిమూవర్ మాత్రం దగ్గరకి రానివ్వకండి, అందులో అసిటోన్ ఉంటే అక్షరాలూ పోతాయి, ప్లాస్టిక్కూ పోతుంది.

ఇలాగే స్టిక్కర్ మీద స్టిక్కర్ సరుకు వచ్చినవాళ్లుంటే కింది స్టిక్కర్ కనిపించేలా ఫొటో పెట్టండి. నా ఫిర్యాదుకి జత చేస్తాను.