పాత మిలిటరీ జీపులో హీటర్ ప్లగ్గులు: తొమ్మిది చలికాలాల తర్వాత

2016లో ఈ డిస్పోజల్ జీపు, అంటే సైన్యం వాడి అమ్మేసిన బండి, కొన్నాను. దీనితో నా పేచీ అంతా చలికాలం పొద్దుగాలే. మాది నర్సంపేట దగ్గర పల్లె. జనవరి, ఫిబ్రవరిల్లో తెల్లారకముందే మిర్చి బస్తాలు ట్రాలీకెక్కించి ఏనుమాముల మార్కెట్‌కు పోవాలి. ఆ వేళకు ఇంజన్ అందుకోకపోతే ఇంటిల్లిపాదీ నెట్టుడే.

ఇంజన్ ప్యూజో డిజైన్‌ది, ఎక్స్‌డీపీ 4.90, 2112 సీసీ. నాలుగు సిలిండర్లకు నాలుగు హీటర్ ప్లగ్గులు. ఇందులో డీజిల్ నేరుగా పిస్టన్ మీద పడదు, ముందు హెడ్డులో ఉన్న చిన్న గదిలో పడుతుంది. పిస్టన్ నొక్కితే వేడెక్కిన గాలికే డీజిల్ అంటుకోవాలి, కానీ చల్లబడ్డ ఆ గది గోడలు ఆ వేడిని లాగేసుకుంటాయి. అందుకే ప్లగ్గు కొస ఎర్రగా కాలి ఉండాలి. మే నెలలో దాని అవసరమే దాదాపు పడదు.

మొదటి రెండేళ్లలో రెండు సెట్లు మార్చాను. చూసిన ప్రతివాళ్లూ ప్లగ్గులు పోయాయనే అన్నారు. చివరికి వరంగల్ ఆటోనగర్‌లో ఒక ముసలి ఎలక్ట్రీషియన్ చాచా మీటరు పెట్టి చూశాడు. హీటర్ ఆన్ చేసి ఉండగా బ్యాటరీ దగ్గర 12 వోల్టులు, ప్లగ్గు తల మీద 9. "బేటా, ప్లగ్గులకు ఏం కాలే. వాటికి తిండి అందుతలేదు" అన్నాడు.

ఆ మాట నాకు అప్పుడే పూర్తిగా అర్థం కాలేదు. వోల్టేజీ పావు వంతు తగ్గితే ప్లగ్గు ఇచ్చే వేడి దాదాపు సగానికి పడిపోతుంది. ఒక్కో ప్లగ్గు పది ఆంపియర్ల దాకా తాగుతుంది, ఆన్ చేసిన మొదటి క్షణాల్లో ఇంకా ఎక్కువ. నాలుగింటికీ కలిపి నలభై పైమాటే. అదంతా తాళంచెవి స్విచ్చులోంచి, సన్నటి పాత వైరులోంచి పోతోంది. అన్నిటికంటే నన్ను ఆశ్చర్యపరిచింది ఎర్త్, అంటే కరెంటు బ్యాటరీకి తిరిగొచ్చే దారి. ఇంజన్‌కూ ఛాసిస్‌కూ మధ్య ఉండే ఎర్త్ పట్టీ బోల్టు విప్పాడు. దాని కింద ఆకుపచ్చ మిలిటరీ రంగు, ఒకదాని మీద ఒకటి మూడు పూతలు! చాచా గీకుతుంటే పెచ్చులు పెచ్చులుగా లేచి, అడుగున తెల్లటి ఇనుము మెరిసింది. ప్లగ్గుకు వేరే ఎర్త్ వైరు ఉండదు, మరలోంచి హెడ్డుకు, అక్కడి నుంచి ఈ పట్టీకి రావాలి. పాత మిలిటరీ బండి ఏది కొన్నా ముందు చూడాల్సింది ఇదే.

70 ఆంపియర్ల రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును ఆన్, ఆఫ్ చేసే స్విచ్చు), దానికి తగ్గ మందం వైరు, డ్యాష్‌బోర్డులో విడిగా ఒక నొక్కుడు బటన్ వేయించాను. ఇప్పుడు ప్లగ్గు దగ్గర 11కు పైనే చూపిస్తుంది. పదిహేను సెకన్లు నొక్కితే చాలు, మేడారం జాతరకు పోయి తాడ్వాయి అడవిలో మంచులో రాత్రంతా నిలిపిన పొద్దున కూడా మొదటి తిప్పుకే అందుకుంది.

లోపం లేదని కాదు. 2021లో రిలే లోపల అతుక్కుపోయింది. బటన్ వదిలేసినా ప్లగ్గులు కాలుతూనే ఉన్నాయి. రెండు మాడిపోయాయి, ఒకదాని కొస ఉబ్బి బయటికి రాక హెడ్డే దించాల్సి వచ్చింది. మిర్చి సీజన్ నడుమ అయిదు రోజులు బండి లేదు. అమెరికా సైన్యం 1980లలో వాడిన షెవర్లే ఎం1008 ట్రక్కులకూ ఇదే బాధ. వాటిలో స్టార్టర్‌కు 24 వోల్టులు, ప్లగ్గులకు మాత్రం రెసిస్టర్లతో తగ్గించిన 12. అక్కడ కూడా రిలే అతుక్కుంటే ప్లగ్గులు మాడేవి. మీ బండి 24 వోల్టులదైతే ప్లగ్గు మీద రాసి ఉన్న వోల్టేజీ చూడకుండా బిగించకండి.

అప్పటి నుంచి రిలే తర్వాత, ప్లగ్గుల వైపు ఒక చిన్న ఎర్ర బల్బు పెట్టించాను. బటన్ వైపు పెడితే లాభం లేదు, అది రిలే అతుక్కున్నా ఆరిపోతుంది. ఇంకో మాట: హీటర్ వేడిగా ఉండగా, ఇంజన్ తొందరగా అందుకోవాలని గాలి దారిలో కొట్టే ఈథర్ స్ప్రే కొట్టనే కొట్టకండి. వేళ కాకముందే అంటుకుని పిస్టన్ రింగులు విరుగుతాయి.

ఏటా దసరా తర్వాత ప్లగ్గుల తలలను కలిపే పట్టీ తీసి, బ్యాటరీ ప్లస్ నుంచి ఒక్కో ప్లగ్గు తలకు టెస్ట్ ల్యాంపు పెట్టి చూస్తాను. వెలగనిది పోయినట్టే. కిందటేడు మూడోది వెలగలేదు, అదొక్కటే మార్చాను. మిగతా మూడూ 2021లో వేసినవే.