నాణెం మీది కొండను చూడాలంటే కైసేరిలో దిగండి

టర్కీలోని కపడోకియా అంటే అందరూ బెలూన్ల కోసం గోరెమె ఊరికి పరిగెడతారు. రోమన్ ప్రాంతీయ వెండి నాణేల పిచ్చి ఉన్నవాళ్లు మాత్రం కైసేరిలోనే మకాం పెట్టాలి. రోమన్ల నాటి కైసరియా నగరం ఇదే. క్రీ.శ. 17లో చక్రవర్తి టిబేరియస్ కపడోకియాను రోమన్ ప్రావిన్సుగా మార్చాడు. అప్పటి నుంచి చక్రవర్తి మూడో గోర్డియన్ కాలం దాకా ఇక్కడి టంకశాల ద్రాక్మాలు అనే వెండి నాణేలు కొట్టింది. ఒకవైపు చక్రవర్తి తల, రెండోవైపు చాలావాటి మీద ఆర్గెయస్ కొండ. ఇప్పుడు దాన్ని ఎర్జియెస్ అంటున్నారు, ఎత్తు 3,917 మీటర్లు.

నేను దిగిన హోటల్ శుభ్రంగా ఉంది, పొద్దుటి టిఫిన్‌లో ఆలివ్‌లు, చీజ్, తేనె బాగున్నాయి. కొండ కనిపించే గది అని ఎక్కువ తీసుకున్నారు గానీ, కర్టెన్ తీస్తే ఎదురుగా ఇంకో బిల్డింగు! ఆ డబ్బు దండగ. కుమ్‌హురియెత్ మైదానానికి నడిచి వెళ్తే అదే కొండ ఉచితంగా కనిపిస్తుంది. తెల్లవారుజామునే వెళ్లండి, తర్వాత మబ్బు పట్టేస్తుంది.

అక్కడే నిలబడి ఫోన్‌లో ఉన్న నా సెప్టిమియస్ సెవెరస్ చక్రవర్తి ద్రాక్మా ఫోటో తెరిచి చూశాను. మూడు గ్రాముల బిళ్ల మీద గుట్టల మీద గుట్టలు పేర్చి, కొసన నక్షత్రం పెట్టాడు చెక్కినవాడు. ఇన్నాళ్లూ అది అలంకారమే అనుకున్నాను. ఎదురుగా చూస్తే మంచు శిఖరం చుట్టూ నిజంగానే చిన్న గుట్టలు! పనివాడు చూసిందే చెక్కాడు.

అసలు నాణెం మాత్రం ఇంట్లోనే పెట్టి వచ్చాను. టర్కీ నుంచి పాత నాణేలు బయటికి తీసుకెళ్లడం నేరం, ఎయిర్‌పోర్టులో ‘ఇది నాదే’ అని రుజువు చేసుకునే టెన్షన్ ఎందుకు? శిథిలాల దగ్గర జేబులోంచి నాణేలు తీసి చూపించేవాళ్లను అసలు పట్టించుకోవద్దు. అది నకిలీదైనా చిక్కే, నిజమైనదైనా చిక్కే. కొనాలంటే యూరప్‌లో, పాత యజమానుల వివరాలు, రసీదు ఇచ్చే వేలంలోనే.

కోటలోని పురావస్తు మ్యూజియానికి ఒక పూట కేటాయించండి. గ్రీకు పురాణ వీరుడు హెరాక్లిస్ సాహసాలు చెక్కిన పాలరాతి శవపేటిక దగ్గరే చాలాసేపు గడిచిపోతుంది. తిండికి మంతి: వేలిగోరంత మాంసం పొట్లాలు, పైన వెల్లుల్లి పెరుగు. శాకాహారులకు ఇక్కడ కొంచెం కష్టమే, ఆ విషయంలో గోరెమె నయం.