పడవలో సౌండ్ సిస్టమ్ పెట్టిస్తున్నారా? నా గతి చూసి ఆగండి

ఇవాళ ముక్కనుమ. ఇంట్లో అందరూ తిని పడుకున్నారు. నాకు మాత్రం నిద్ర పట్టక, నిన్నటి కోపం దిగక కూర్చుని రాస్తున్నాను. అచ్చుతప్పులుంటే సర్దుకోండి.

నా పడవకి సౌండ్ పెట్టినాయన పేరు రాయను. గోదావరి మీద దిండి నుంచి నరసాపురం దాకా పడవలున్న వాళ్ళకి నేను చెప్పక్కర్లేదు కూడా. మొన్నటిదాకా కార్లకి సౌండ్ పెట్టి, ఇప్పుడు పడవల మీద పడ్డాడు. ఆయన వీడియోలు చూసే కదా మనందరికీ ఈ పిచ్చి పట్టింది. నీలం లైట్లు, నీళ్ళ మీద తెల్ల పడవ, వెనకాల దడదడలాడే బేస్. నేనూ అలాగే పడిపోయాను.

నాది పన్నెండు మంది కూర్చునే ఫైబర్ పడవ, 60 హెచ్‌పీ ఔట్‌బోర్డ్ ఇంజన్. రెండు పంటలు రొయ్య కలిసొస్తే కొనుక్కున్నాను. పండక్కి చుట్టాలొస్తారు, నది మీద తిప్పుదాం అనుకుని డిసెంబరు చివర్లో ఆయనకి పని అప్పజెప్పాను. మాట 86,000. అందులో ఆరున్నర అంగుళాల మెరైన్ స్పీకర్లు నాలుగు, పది అంగుళాల సబ్‌వూఫర్, యాంప్లిఫయర్, పాటల కోసం విడిగా 100 ఏహెచ్ బ్యాటరీ, ఒకటి దిగినా రెండోది దిగకుండా రెండు బ్యాటరీల మధ్య ఐసోలేటర్ స్విచ్, టిన్డ్ కాపర్ వైరు (తగరం పూసిన రాగి తీగ), ఆఖర్న "ఫైన్ ట్యూనింగ్ 3,500". ఇదంతా వాట్సాప్‌లో ఆయనే రాసి పంపాడు. జీఎస్టీ బిల్లు వద్దంటే 18 శాతం మిగులుతుంది అన్నగారూ అన్నాడు. మిగుల్చుకున్నాను. మహా తెలివైనవాణ్ణి. ఎనభై వేలు ముందే ఫోన్‌పే కొట్టేశాను, ఆరు వేలు ఆపాను. ఆపిన ఆ ఆరు వేలే ఈ మొత్తంలో నేను చేసిన మంచి పని.

మొదటి రోజే పడవ నడిపే మా సరంగు బాబాయి ఒక మాట అన్నాడు. స్టీరింగు పక్కన స్పీకరు బిగించారు కదా, దాన్ని ఆనుకునే దిక్సూచి ఉంది. "బాబు గారూ, దిక్సూచి కొత్త పెళ్ళికొడుకులాగా అటే చూస్తంది" అన్నాడు. నవ్వేసి ఊరుకున్నాను. స్పీకరు వెనకాల అయస్కాంతం ఉంటుందని, దిక్సూచి ముల్లుని అది లాగేస్తుందని ఎనిమిదో తరగతి పిల్లాడికి తెలుసు. నాకు తెలీలేదు. ఈ భోగి మంచులో అంతర్వేది దాకా దిక్సూచి నమ్ముకుని వెళ్ళుంటే ఏ లంకకి గుద్దుకునేవాళ్ళమో.

సరే, అసలు సంగతికి వస్తాను.

నిన్న కనుమ. పడవెక్కే ముందు మా అత్తయ్య, "కనుమ నాడు కాకి కూడా కదలదురా, ఇవాళ ఎందుకు" అంది. "పొలిమేర దాటట్లేదు కదా అత్తయ్యా" అని ఎక్కించాను. హైదరాబాద్ నుంచి వచ్చిన బావ గారు, అక్క, పిల్లలు, సరంగు, నేను, అంతా కలిపి పదకొండు మందిమి. లైఫ్ జాకెట్లు అందరికీ వేశాను, ఆ ఒక్క విషయంలో నన్ను ఎవరూ అనక్కర్లేదు. చించినాడ వంతెన కిందుగా దిగి, ఒక లంకకి ఎదురుగా లంగరు వేసి, ఇంజన్ ఆపేసి, గారెలూ నాటుకోడీ విప్పాం. పాటలు పెట్టింది మా మేనల్లుడు. రెండున్నర గంటలు మోగింది. బావ గారు "అబ్బ, థియేటర్లాగుందయ్యా" అంటే నేను కాలరెగరేశాను కూడా. అది తల్చుకుంటే ఇప్పుడు నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తోంది.

పొద్దు వాలుతుంటే బయల్దేరదామన్నాం. మా మేనల్లుడు హుషారుగా లంగరు పైకి లాగేశాడు. ముందు ఇంజన్ అందుకోవాలి, తర్వాతే లంగరు ఎత్తాలి. అది చెప్పాల్సిన నేను సెల్ఫీలో ఉన్నాను. తాళం తిప్పాను. టిక్. మళ్ళీ తిప్పాను. టిక్ టిక్. అంతే. పాటు మొదలైంది, నీళ్ళు సముద్రం వైపు లాగుతున్నాయి. పడవ అడ్డం తిరిగి నరసాపురం వైపు జారిపోతోంది. బ్యాటరీ దిగిపోయినా తాడు చుట్టి లాగి ఇంజన్ లేపుకోవచ్చు, దానికో తాడు ఇస్తారు. ఆ తాడు భద్రంగా మా ఇంట్లో, టూల్ డబ్బాలో ఉంది.

బాబాయి మళ్ళీ లంగరు వేశాడు. మొదట పట్టలేదు. అడుగున ఇసక, ఈడ్చుకుపోతోంది. అక్క పిల్లల్ని దగ్గరికి లాక్కుని కూర్చుంది. అత్తయ్య ఏమీ అనలేదు, "కచ్చులూరు" అని ఒక్క ముక్క అంది. 2019 సెప్టెంబరులో అక్కడ పడవ మునిగిన తర్వాత గోదావరి మీద ఆ పేరు ఎత్తితే ఇంకేం చెప్పక్కర్లేదు.

రెండోసారి లంగరు పట్టింది. అప్పుడు ఫోన్ చేశాను ఆయనకి. కొట్లాడదామని కాదండీ. ఆ రెండో బ్యాటరీ తీగ ఇంజన్‌కి మార్చుకోవడం ఎలాగో అడుగుదామని. వేరే బ్యాటరీ ఉంది కదా, అందులో ఇంకా ఛార్జి ఉండాలి కదా అని నా ఆశ. ఫోన్ స్పీకర్‌లో పెట్టాను, బాబాయి కూడా వింటాడని. పదకొండు మందీ వింటున్నారు. వెనకాల పాట ఎవరూ ఆపలేదు, సన్నగా వస్తూనే ఉంది. ఇంజన్ తిప్పడానికి చాలని కరెంటు పాట పాడటానికి చాలుతుందట, ఈ సంగతి నాకు ఇవాళ తెలిసింది.

ఎత్తాడు. ఏదో కోడిపందాల బరి దగ్గర ఉన్నట్టున్నాడు, కేకలు వినబడుతున్నాయి. నది మధ్యలో ఉన్నాం, ఇంజన్ తిరగట్లేదు, ఆడవాళ్ళూ పిల్లలూ ఉన్నారు, ఆ రెండో బ్యాటరీ ఎలా కలపాలో చెప్పు బాబూ అన్నాను. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత,

"పాట వినబడతంది కదా మాస్టారూ?" అన్నాడు.

"వినబడుతోంది" అన్నాను. నిజంగానే ఆ మాటే అన్నాను, బుద్ధిగా.

"మరింకేటండీ? నేను డబ్బులు తీసుకున్నది పాటలకి. ఇంజన్‌తో నాకేం సంబంధం?"

పక్కనున్న వాడెవడో నవ్వాడు. ఈయనా నవ్వాడు. "అయినా గోదారి మధ్యలో పాటలేంటండీ, నీళ్ళ చప్పుడు వినండి కాసేపు" అని, ఫోన్ పెట్టేసే ముందు, "ఆ ఆరు వేలు పండగెళ్ళాక వేసెయ్యండే" అన్నాడు.

డబ్బులిచ్చేదాకా "అన్నగారూ". నది మధ్యలో "మాస్టారూ". ఎనభై వేలు పోయినందుకు నాకు ఇంత మంట లేదు. అత్తయ్య ముందు, పిల్లల ముందు, సాయం అడిగిన వాడితో అలా నవ్వుతాడా మనిషి? పిల్లాడు "మావయ్యా, ఆ అంకుల్ రాడా?" అని అడుగుతుంటే ఏం చెప్పను? ఏ ఊరి వాడైనా సరే, గోదారి ఒడ్డున పుట్టినవాడు నీళ్ళలో ఇరుక్కున్న పడవని చూసి అలా మాట్లాడడు. మమ్మల్ని ఒడ్డుకి లాక్కెళ్ళింది ఎవరో తెలుసా? సఖినేటిపల్లి వైపు వెళ్తున్న చేపల పడవ. ఇద్దరు కుర్రాళ్ళు. పండగ రోజు, ముక్కూ మొహం తెలియని వాళ్ళు. డీజిల్‌కి డబ్బులిస్తే వద్దన్నారు, మిగిలిన గారెలు తీసుకున్నారు.

ఇవాళ పొద్దున్నే మా ఊరి ట్రాక్టర్ల ఎలక్ట్రీషియన్‌ని, ఇంజనీరింగ్ చదువుతున్న మేనల్లుణ్ణీ కూర్చోబెట్టి మొత్తం విప్పించాను. సీటు కింద నల్ల ప్లాస్టిక్ పెట్టె ఉంది, మీద "మ్యూజిక్ బ్యాటరీ" అని స్టిక్కరు. మూత తీస్తే బ్యాటరీ ఉంది. దాని రెండు తీగలూ పట్టుకుని వెళ్తే ప్లైవుడ్ వెనక్కి పోయి, మూరెడు దూరంలో ఆగిపోయాయి. చివర్లు నల్ల టేపు చుట్టి వదిలేశాడు. అంతే. దేనికీ తగల్లేదు. ఆ బ్యాటరీ మూడు వారాలుగా నా పడవలో ఊరికే షికారు చేస్తోంది. ఐసోలేటర్ స్విచ్ అసలు లేదు. యాంప్లిఫయర్ తీగ నేరుగా ఇంజన్ బ్యాటరీకి తగిలించి ఉంది. ఇంజన్ బ్యాటరీ ఒక్క క్షణం గట్టిగా తన్ని ఇంజన్ లేపడానికి చేసింది, గంటల కొద్దీ పాటలకి లాగడానికి కాదు. మీటరు పెడితే మేం మోగించిన సౌండుకి ఇంచుమించు 25 ఆంపులు లాగుతోంది. నా ఇంజన్ బ్యాటరీ 65 ఏహెచ్, అంటే ఒక్క ఆంపు చొప్పున లాగితే 65 గంటలు వస్తుంది. మిగతా లెక్క మీరే వేసుకోండి.

ఇంకా ఘోరం, ఆ తీగకి ఫ్యూజు లేదు. పడవ వైరింగులో బ్యాటరీకి ఏడు అంగుళాల లోపే ఫ్యూజు ఉండాలన్నది లెక్క. నా తీగ ఫ్యూజు లేకుండా పెట్రోలు ట్యాంకు పక్క నుంచే వెళ్ళింది, అంచు దగ్గర పైతొక్క అరిగిపోయి ఉంది. ఎలక్ట్రీషియన్ అది చూసి ఏమీ అనలేదు, బీడీ తీసి మళ్ళీ జేబులో పెట్టేసుకున్నాడు.

వైరు సంగతి వినండి. బేరం రోజు నాకు టిన్డ్ వైరు ముక్క ఒకటి చేతిలో పెట్టాడు. పైకి వెండిలా తెల్లగా ఉంది, బ్లేడుతో గీకి చూపించాడు, లోపల ఎర్రగా రాగి. ఉప్పుగాలికి చిలుం పట్టదు అన్నగారూ అన్నాడు. నా పడవలో వేసిన దాన్ని ఇవాళ గీకాం. పైన ఎరుపు, లోపల తెలుపు. అల్యూమినియం మీద రాగి పూత! తిరగేసి వేశాడు, అచ్చం నాకు చెప్పిన మాటల్లాగే. మూడు వారాలకే చివర్లు పొడిపొడిగా రాలుతున్నాయి. మరలు కూడా మామూలు ఇనుప మరలే, తెల్ల ఫైబర్ మీద తుప్పు చారలు కారుతున్నాయి, పడవ ఏడ్చినట్టు.

ఇక 3,500 పెట్టి చేయించుకున్న ఆ మహా ట్యూనింగు. యాంప్లిఫయర్ మీద గెయిన్ అని ఒక మర ఉంటుంది, బేస్ బూస్ట్ అని ఇంకోటి. రెండూ ఆఖరికంటా తిప్పేసి ఉన్నాయి. ఇదే ట్యూనింగ్. మా మేనల్లుడు చెప్పింది నాకు అర్థమైనంత వరకు రాస్తాను. గెయిన్ సౌండు పెంచే బటన్ కాదు. మన పాటలు పెట్టే సెట్టూ యాంప్లిఫయరూ ఒకదానికొకటి సరిపోయేలా కుదిర్చే మర. మన స్పీకరుకి 75 వాట్లు, 4 ఓమ్‌లు అనుకుంటే, రెండూ హెచ్చించి వర్గమూలం తీస్తే 17.3 వోల్టులు. స్పీకర్లు ఊడదీసి, టెస్ట్ టోన్ పెట్టి, మల్టీమీటరు ఏసీ వోల్టులో పెట్టి చూసుకుంటూ, 17 దగ్గరికి వచ్చాక గెయిన్ తిప్పడం ఆపేయాలి. నాది చూస్తే మీటరు 22 దాటి పోయింది. ఆ గరగర సౌండుని మేం "థియేటర్" అనుకున్నాం. ఇంకో నెల అలాగే వాడితే ట్వీటర్లు, అంటే సన్న సౌండు పలికే స్పీకర్లు, కాలిపోయేవట. ఆరున్నర అంగుళాల స్పీకర్లకి 80 హెర్ట్జ్ కింద సౌండు, అంటే లోతు బేస్, వెళ్ళకుండా ఫిల్టరు పెట్టాలి, అదీ ఆఫ్‌లోనే ఉంది. ఇల్లయితే గోడలుంటాయి, నది మీద బేస్ ఆపేది ఏముంది? గాల్లో కలిసిపోతుంది. బేస్ రావట్లేదని స్పీకర్ల గొంతు పిసికాడన్నమాట.

ఒక వైపు స్పీకరుకి ప్లస్సూ మైనస్సూ కూడా తారుమారు. టీవీ రిమోట్‌లో వేసే ఒకటిన్నర వోల్టుల సెల్లు తీసుకుని స్పీకరు తీగలకి ఒక్క క్షణం తగిలించాడు మావాడు. ఎడమది బయటికి పొంగింది, కుడిది లోపలికి పోయింది. రెండూ ఒకేలా కదలాలి. లేకపోతే ఒకదాని బేస్‌ని ఇంకోటి మింగేస్తుంది. ఒక్క చిన్న సెల్లుతో ఐదు నిమిషాల్లో తేలే పని. తీగలు మార్చి, గెయిన్ తగ్గించి, ఫిల్టరు పెట్టాక పాట వేస్తే, సగం సౌండులోనే ఇంకా బాగా వినబడింది. అది విని నాకు ఇంకా ఒళ్ళు మండింది.

న్యాయంగా ఒక మాట చెప్పాలి. స్పీకర్లు మాత్రం అసలువే. దొంగతనం చేసినా మంచి స్పీకర్లే పెట్టాడు, అవి బయటికి కనబడతాయి కదా.

వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేశాను. బిల్లు ఉందా అన్నారు. వాట్సాప్ కొటేషనూ ఫోన్‌పే రసీదులూ ఉన్నాయన్నాను. చూద్దాం. బిల్లు వద్దన్నది నేనే కాబట్టి అక్కడ గట్టిగా అరిచే నోరు కూడా నాకు లేదు.

మీరు పెట్టించుకునేట్టయితే, పని పూర్తయ్యాక ఇంజన్ బ్యాటరీ తీగ మీ చేత్తో ఊడదీసి పాట వేయమనండి. పాట వస్తే రెండో బ్యాటరీ పనిచేస్తున్నట్టు, ఆగిపోతే డబ్బులు ఆపండి. తీగ ముక్క గీకి చూడండి. ఫ్యూజు ఎక్కడుందో వేలితో చూపించమనండి. దిక్సూచికి దూరంగా స్పీకర్లు పెట్టమనండి. తాడు పడవలో పెట్టుకోండి, ఇంట్లో కాదు.

ఇది రాస్తుండగానే ఆయన స్టేటస్ పెట్టాడు. "మా లేటెస్ట్ వర్క్, సంక్రాంతి ఆఫర్" అని వీడియో. నీలం లైట్లు, నీళ్ళ మీద తెల్ల పడవ, వెనకాల దడదడ. వీడియోలో వెనకాల నిలబడి బొటనవేలు పైకెత్తి చూపిస్తున్న వెధవని నేనే. ఇప్పుడే ఒకాయన ఫోన్ చేశాడు, "అది మీ పడవే కదండీ, ఎంతయింది?" అని.