షీహాలియన్ కొండ: రెండు ట్రిప్పులు, నాలుగు స్టార్లు

కొండకి స్టార్లు ఇచ్చేదేంట్రా, అదేమన్నా బిర్యానీ సెంటరా అని మా నాన్న నవ్వారు గానీ, ఎడిన్‌బరాలో నాకు తెలిసిన తెలుగువాళ్లందరూ వీకెండ్ వస్తే ఎటు వెళ్దాం అని అడుగుతున్నారు, ప్రతి ఒక్కరికీ వాట్సాప్‌లో విడివిడిగా చెప్పలేక ఇక్కడ ఒక్కసారే రాసేస్తున్నా. కొండ పేరు షీహాలియన్. స్కాట్లండ్‌కి దాదాపు నడిమధ్యన, పెర్త్‌షైర్‌లో ఉంది. ఎత్తు 1,083 మీటర్లు, అడుగుల్లో 3,553. అలిపిరి మెట్లు 3,550 అంటారు కదా, ఈ లెక్క వినగానే మా అమ్మ ఇది దేవుడి కొండే అయ్యుంటుందని తేల్చేసింది. మరీ తప్పు కూడా కాదు, ఇక్కడి పాత భాష గేలిక్‌లో ఆ పేరుకి కలెడోనియన్ల (అంటే పూర్వం ఇక్కడుండే జనం) దేవకన్యల కొండ అని అర్థం చెబుతారు.

ఇక్కడ మూడు వేల అడుగులు దాటిన కొండల్ని మన్రోలు అంటారు, 1891లో సర్ హ్యూ మన్రో అనే ఆయన వాటి లిస్టు వేశాడు కాబట్టి ఆ పేరు, ఇప్పటి లెక్కలో 282 ఉన్నాయి. మొదటిసారి మన్రో ఎక్కేవాళ్లకి షీహాలియన్ బాగుంటుందని ఎవరిని అడిగినా చెబుతారు. నేను సగమే ఒప్పుకుంటా.

మొదటి ట్రిప్పు మే నెలాఖరులో, ఆఫీసు ఫ్రెండ్స్‌తో, నలుగురం. పొద్దున్నే ఆరింటికి బయల్దేరాం. పెర్త్ దాటి, బాలిన్‌లుయిగ్ దగ్గర ఏ9 రోడ్డు వదిలేసి అబర్‌ఫెల్డీ వెళ్లాలి, కొండ దాకా ఆగకుండా వెళ్తే రెండు గంటల పైన పడుతుంది. అబర్‌ఫెల్డీ చిన్న ఊరే గానీ అక్కడ 1733లో కట్టిన రాతి వంతెన ఉంది, జనరల్ వేడ్ సైన్యం కోసం వేయించిన రోడ్ల కాలం నాటిది, ఒక పది నిమిషాలు ఆగి చూడండి. పెట్రోలు, నీళ్లు, బ్రెడ్డు ఏవి కావాలన్నా అక్కడే తీసుకోండి, ఆ తర్వాత షాపు కనపడదు. అక్కడినుంచి కొంచెం దూరం పోగానే డల్ అనే ఊరు వస్తుంది. నిజంగా ఊరి పేరే డల్. అమెరికాలో ఓరెగాన్ రాష్ట్రంలోని బోరింగ్ అనే ఊరితో జతకట్టామని ఊరి మొదట్లో బోర్డు కూడా పెట్టుకున్నారు, తర్వాత ఆస్ట్రేలియాలోని బ్లాండ్ అనే ప్రాంతం కూడా వీళ్లతో కలిసిందట. అందరూ ఆగి ఫొటో దిగుతారు, మేమూ దిగాం.

ఆ తర్వాత రోడ్డు సన్నగా ఒక్క బండి పట్టేంతే ఉంటుంది. ఎదురుగా కారు వస్తే ఎవరో ఒకరు పక్కన వదిలిన జాగాలోకి తప్పుకోవాలి, దాటేటప్పుడు చెయ్యెత్తి థాంక్స్ చెప్పాలి, అది ఇక్కడి మర్యాద. (రెండో ట్రిప్పులో మా నాన్న ముందు సీట్లో కూర్చుని ప్రతి కారుకీ రెండు చేతులతో నమస్కారం పెట్టారు. ఒకాయన కూడా తిరిగి పెట్టాడు.) బ్రేస్ ఆఫ్ ఫాస్ అనే చోట కార్ పార్కు ఉంది. కొండకి టికెట్టు లేదు, పార్కింగుకే డబ్బులు. ఎండ కాసే శని ఆదివారాల్లో పదింటికల్లా నిండిపోతుంది.

దారి మొదటి సగం హాయిగా ఉంటుంది. జాన్ మ్యూర్ ట్రస్ట్ అనే ప్రకృతి సంరక్షణ సంస్థ వాళ్లు 1999లో కొండ తూర్పు భాగం కొన్నారు, అప్పటికి పాత దారి జనం తొక్కి తొక్కి బురద చాలులా వెడల్పైపోయి దూరం నుంచి చూసినా గాటులా కనపడేదట, దాన్ని మానేసి పక్కన కొత్త దారి వేశారు, 2003కల్లా పూర్తయింది. రాళ్లు పేర్చి, నీళ్లు పోవడానికి అడ్డంగా కాలవలు తీసి, చాలా శ్రద్ధగా చేశారు. పోనూ రానూ కలిపి సుమారు పది కిలోమీటర్లు, అందులో ఏడు వందల మీటర్లకు పైనే నిలువు ఎక్కుడు. రోజూ కాస్త నడిచేవాళ్లు అయిదారు గంటల్లో వెళ్లి రావచ్చు.

అసలు సంగతి రెండో సగంలో ఉంది, దాని గురించి ఎవరూ సరిగ్గా చెప్పరు. ఎక్కీ ఎక్కీ పైన వీపు లాంటి గట్టు మీదికి చేరేసరికి దారి మాయమైపోతుంది. ఇక అంతా రాళ్లే. మన పలుగురాయి జాతి, తెల్లగా, అక్కడక్కడా లేత గులాబీ ఛాయ, ఫుట్‌బాల్ అంత ఉన్నవి కొన్ని, ఫ్రిజ్జంత ఉన్నవి కొన్ని, ఎవరో లారీలతో తెచ్చి ఒంపేసి పోయినట్టు ఆఖరి కిలోమీటరు పైచిలుకు అలాగే ఉంటుంది. ఒక్కో అడుగూ చూసుకుని వెయ్యాలి, కొన్ని రాళ్లు కాలు పెట్టగానే కటకటమని కదులుతాయి, తడిస్తే జారతాయి. అదిగో శిఖరం అనుకుని చేరతాం, దాని వెనక ఇంకోటి లేస్తుంది. అది ఎక్కితే మరోటి. మా వాడొకడు మూడో దాని దగ్గర కూర్చుండిపోయి నన్ను ఇక్కడే వదిలేసి వెళ్లండ్రా అన్నాడు. మామూలు స్పోర్ట్స్ షూ వేసుకొచ్చాడు పాపం. చీలమండ పట్టే బూట్లు లేకుండా ఇక్కడికి రావద్దు, ఇది మాత్రం గట్టిగా చెబుతున్నా.

పైకి చేరేసరికి మేఘం దిగింది. అంతే, అయిదు మీటర్ల అవతల ఏమీ కనపడలేదు. పడమర రానాక్ మూర్ అనే పెద్ద బురద మైదానం అంతా కనపడుతుంది, ఇంకా అవతల గ్లెన్‌కో కొండలు కనపడతాయి అని ఎన్నెన్నో చదువుకుని వెళ్లాం, మాకు కనపడినవల్లా మా నలుగురి మొహాలు, అవీ ఏడుపు మొహాలు. గాలికి చేతులు కొంకర్లు పోయి పులిహోర డబ్బా మూత ఎంతకీ రాదు. నేను బలవంతంగా లాగేసరికి అది ఊడి చేతిలోంచి జారి, ఖంగు ఖంగుమంటూ దొర్లి బండల సందులోకి పోయింది. చెయ్యి పెట్టి చూశా, అందలేదు. పులిహోర మాత్రం అమోఘం. చలికి గట్టిపడ్డ అన్నంలో వేరుశనగలు, ఎండుమిర్చి, ఆ ఘాటు, ఆ పులుపు, అంత రుచి ఇంట్లో డైనింగ్ టేబుల్ మీద ఎప్పుడూ రాలేదు.

దిగేటప్పుడు జాగ్రత్త. మేఘంలో రాళ్ల మీద దారి పోల్చుకోవడం కష్టం, మేము కాసేపు పక్కకి పోయి, జీపీఎస్ చూసుకుని వెనక్కొచ్చాం. మ్యాపు ముందే డౌన్‌లోడ్ చేసుకోండి, సిగ్నల్‌ని నమ్ముకోవద్దు. మోకాళ్లు మూడు రోజులు పట్టేశాయి.

అప్పుడు రాసి ఉంటే రెండు స్టార్లే ఇచ్చేవాణ్ణి. మిగతా రెండూ ఆగస్టులో వచ్చాయి, కొండ ఎక్కకుండానే.

ఆగస్టులో అమ్మా నాన్నా తెనాలి నుంచి వచ్చారు. నాన్న ముప్ఫై ఏళ్లు బిల్డింగ్ కాంట్రాక్టులు చేసిన మనిషి, గుళ్లో విగ్రహాన్ని కూడా ముందు మట్టం చూసి తర్వాత దణ్ణం పెట్టుకునే రకం. బ్రేస్ ఆఫ్ ఫాస్ కార్ పార్కు దగ్గర రాళ్లతో కట్టిన చిన్న గుర్తు ఒకటి ఉంది, దాని మీది పలక చదివి ఇదేంట్రా అని అడిగారు. మొదటి ట్రిప్పులో మేము దాని పక్కనే బూట్లు వేసుకుని వెళ్లిపోయాం, కన్నెత్తి చూడలేదు. కథ ఏంటంటే, 1774లో నెవిల్ మాస్కెలిన్ అనే ఖగోళ శాస్త్రవేత్త, లండన్ రాయల్ సొసైటీ తరఫున ఈ కొండతో భూమి బరువు తూచడానికి వచ్చాడు. మేస్త్రీలు గోడ నిలువు చూడటానికి దారానికి గుండు కట్టి వేలాడదీస్తారు కదా, పెద్ద కొండ పక్కన వేలాడదీస్తే కొండ తన వైపు ఆ గుండుని పిసరంత లాగాలి. ఎంత లాగిందో తెలిస్తే, కొండ బరువు అంచనా కట్టి, దాన్నిబట్టి భూమి బరువు లెక్కేయవచ్చు. ఈ కొండే ఎందుకంటే ఇది తూర్పు పడమరలుగా పొడుగ్గా, చుట్టూ వేరే కొండలు అంటకుండా విడిగా, ఉత్తరం దక్షిణం రెండు వైపులా నిటారుగా ఉంటుంది. రెండు వైపులా గుడారాలూ పాకలూ వేసుకుని, వానలో, మబ్బులో, నక్షత్రాలు కనపడిన రాత్రుల్లో మాత్రమే వాటితో గుండు నిలువుని పోల్చి కొలుస్తూ నెలల తరబడి ఉన్నారు. రెండు వైపులా కలిపి తేడా 11.6 ఆర్క్ సెకండ్లు వచ్చింది. అంటే ఒక డిగ్రీని 310 ముక్కలు చేస్తే అందులో ఒక ముక్క. అదీ 250 ఏళ్ల కిందట, చేత్తో.

నాన్న ఇదంతా విని కాసేపు కొండ వైపే చూశారు. తర్వాత అసలు భయం బయటపెట్టారు.

"ఒరే, అయితే మంగళగిరి కొండ పక్కన నేను కట్టిన ఇళ్లన్నీ వంకరేనా?"

"ఇంత పెద్ద కొండ పక్కనే పది అడుగుల గోడకి మిల్లీమీటరులో పదో వంతు కూడా రాదు నాన్నా."

"అంతేగా. ప్లాస్టరింగులో కలిసిపోద్దిలే."

కొండ బరువు కట్టాలంటే దాని ఆకారం తెలియాలి, సర్వేవాళ్లు తీసిన వేలాది కొలతలతో చార్లెస్ హట్టన్ అనే లెక్కల మాస్టారు కుస్తీ పడుతూ, ఒకే ఎత్తున్న చోట్లని గీతతో కలిపితే పని తేలికవుతుందని కనిపెట్టాడు. మన సైట్ ప్లాన్లలో ఉండే కాంటూరు గీతలే అవి. భూమి నీటికంటే నాలుగున్నర రెట్లు చిక్కన అని ఆయన తేల్చాడు, ఇప్పటి లెక్క అయిదున్నర. పని పూర్తయిన రాత్రి పాకలో విస్కీ, పాటలు, గోల, ఆ ఊపులో పాక అంటుకుని ఒక కుర్రాడి ఫిడేలు కాలిపోయిందనీ, మాస్కెలిన్ లండన్ వెళ్లాక కొత్త ఫిడేలు పంపించాడనీ ఇక్కడ కథ చెప్పుకుంటారు. గృహప్రవేశం విన్నాం గానీ గృహదహనం ఫంక్షన్ ఇప్పుడే వింటున్నాం అంది అమ్మ.

ఎక్కే ప్రసక్తి లేదు కాబట్టి అక్కడినుంచి కిన్‌లాక్ రానాక్ ఊరికి దిగి, లాక్ రానాక్ సరస్సు ఉత్తరపు ఒడ్డున పడమరకి పోయాం. కొంత దూరం వెళ్లి కారు ఆపి వెనక్కి తిరిగి చూస్తే, అదీ షీహాలియన్! పక్కనుంచి తిమింగలం వీపులా బద్ధకంగా పడుకుని ఉన్న కొండ ఇటునుంచి ముగ్గు పిండి గుట్ట పోసినట్టు కోసుగా, ఒంటరిగా లేచి నిలబడింది. కింద నీళ్లలో దాని నీడ. ఆగస్టు కాబట్టి వాలంతా హెదర్ పూలు, వంకాయ రంగుకీ కనకాంబరం పక్కన పెట్టే మరువం మసకకీ మధ్య ఏదో రంగు, మబ్బు పోయినప్పుడు ఒకలా వచ్చినప్పుడు ఇంకోలా. మేలో నేను నాలుగు గంటలు రాళ్లు తొక్కింది దీని మీదేనా అనిపించింది. ఎక్కినప్పుడు కొండ ఒక్కసారి కూడా కనపడలేదు నాకు. అమ్మ షాల్ కప్పుకుని ఒక గంట పాటు ఒక్క మాట మాట్లాడకుండా కూర్చుంది, మా ఇంట్లో అది రికార్డు.

అవతలి ఒడ్డున బ్లాక్ వుడ్ అనే పాత పైన్ అడవి ఉంది, టైమ్ ఉంటే నడవండి. ఇంకా పడమరకి పోతే రోడ్డు రానాక్ రైల్వే స్టేషన్ దగ్గర ఆగిపోతుంది, ఆ తర్వాత బురద నేల తప్ప ఏమీ లేదు. ఆ బురదలో 1890లలో కట్టెలు, మట్టి, బూడిద పరుపులా పరిచి దాని మీద పట్టాలు వేశారని చెబితే నాన్న రైలు వచ్చేదాకా కదలనన్నారు. రైళ్లు రోజుకి నాలుగైదే, బతిమాలి తీసుకొచ్చా.

తిరుగు ప్రయాణంలో లాక్ టమెల్ మీదుగా క్వీన్స్ వ్యూ దగ్గర ఆగాం. విక్టోరియా రాణి 1866లో వచ్చింది, పేరు ఆవిడదే అంటారు, కాదు అంతకు ముందు స్కాట్లండ్ రాజు రాబర్ట్ ద బ్రూస్ భార్య ఇసబెల్లాది అని కూడా అంటారు. సరస్సు పొడుగునా చూపు పోయి చివర ఎడమ పక్కన షీహాలియన్ దగ్గర ఆగుతుంది. ఫొటోకి ఇదే బెస్ట్, కాకపోతే టూరిస్టు బస్సులు దిగితే రెయిలింగు దగ్గర మోచేతులతో పోట్లాడాలి. ఆ సరస్సు కూడా 1950లో ఆనకట్ట కట్టాక పెరిగిందే, కాలవల ఊళ్లవాళ్లం కదా, నాన్నకి అది రాణిగారి కంటే బాగా నచ్చింది.

తిండి సంగతి. దారిలో ఒక కేఫ్‌లో నాలుగింటికి పది నిమిషాలుండగా వెళ్తే కిచెన్ మూసేశాం అన్నారు, తలుపు మీద అయిదు దాకా అని రాసి ఉంది మరి. పేరు చెప్పను, ఆ ఒక్కరోజే ఏదైనా అయ్యుండొచ్చు. పెరుగన్నం కట్టుకెళ్లాం కాబట్టి బతికాం. ఆగస్టులో ఇంకో బాధ మిడ్జీలు, ఆవగింజలో సగం ఉండే, దోమల్లా కుట్టే పురుగులు, గాలి ఆగిందంటే మేఘంలా కమ్ముకుంటాయి. సాయంత్రం సరస్సు ఒడ్డున నిలబడలేం. మందు రాసుకోండి, అదీ పూర్తిగా పనిచెయ్యదు. కారు లేకపోతే రావడం చాలా కష్టం, పిట్లాక్రీ దాకా రైలుంది గానీ అక్కడినుంచి ఈ కొండ మొదటికి బస్సు పెట్టుకుని ప్లాన్ వెయ్యకండి. తగ్గించిన ఒక స్టారు వీటికే.

కాళ్లలో సత్తువ ఉంటే, వాతావరణం చూసుకుని, ఒకసారి ఎక్కండి. పెద్దవాళ్లు వస్తే సరస్సు ఒడ్డుకి తీసుకెళ్లండి, కార్ పార్కులో పలక మాత్రం చదివించండి. ఇంకో మాట, పైన రాళ్ల సందులో ఎవరికైనా స్టీలు డబ్బా మూత దొరికితే కాస్త కిందికి తెచ్చి పెట్టండి. మీద చుక్కలు చుక్కలుగా మా అమ్మ పేరు చెక్కి ఉంటుంది. పెళ్లిలో వచ్చిన డబ్బా అట, ఆగస్టు అంతా దాని గురించే.