చీర గ్రాఫుకు గింప్ పనికొస్తుందా?

గింప్ అనే ఫొటోలు దిద్దే సాఫ్ట్‌వేర్‌లో చతురస్రం గీయడానికి విడిగా టూల్ లేదు. వృత్తానికీ లేదు. కొత్తగా తెరిచినవాళ్లు టూళ్లన్నీ వెతికి, ఇదేం ఎడిటరని విసుక్కుని మూసేస్తారు. 1995లో మొదలైన సాఫ్ట్‌వేర్ ఇది. 2018లో 2.10, 2025 మార్చిలో 3.0 వచ్చాయి. ఈ లోటు మాత్రం తీరలేదు. అయినా ఎమ్మిగనూరులో నేను చీరల అంచులకూ బుటాలకూ గ్రాఫులు, అంటే నేతకు ముందు గడుల్లో వేసుకునే బొమ్మలు, గీసేది దీంతోనే. వేరేవి వాడి చూశాకే దీని దగ్గర ఆగాను.

మాచాని సోమప్ప 1938లో చేనేత సహకార సంఘం పెట్టిన ఊరు ఇది. ఇక్కడ కంప్యూటర్ ముచ్చట కూడా మగ్గం దగ్గరికే వస్తుంది. మా పనిలో ఒక పిక్సెల్ అంటే గ్రాఫులో ఒక గడి, అంటే నిలువు పడుగు పోగూ అడ్డ పేక పోగూ కలిసే చోటు. జకార్డు అంటే పడుగు పోగులను హుక్కులతో ఎత్తి మగ్గం మీద బొమ్మ నేయించే యంత్రం. 240 హుక్కుల జకార్డుకు గీసే బొమ్మ వెడల్పు 240 పిక్సెళ్లు. ఒక్కో అడ్డ వరుసకు ఒక్కో అట్ట, ఏ పోగు లేవాలో చిల్లులతో చెప్పేది. నల్ల గడికి చిల్లు పడుతుంది, తెల్ల గడికి పడదు. నడిమి రంగుకు తావే లేదు.

ఆకారాలు గీసే టూళ్లన్నింటితోనూ పేచీ ఇక్కడే మొదలవుతుంది. గుండ్రటి గీత నునుపుగా కనిపించాలని అంచుల్లో బూడిద రంగు పిక్సెళ్లు కలుపుతాయి. యాంటీ అలియాసింగ్ అంటారు. ఫొటోకు అది అందమే. అట్టలు కొట్టే పెద్దాయన మాత్రం కాగితం మీద వేలు పెట్టి, "ఈ బూడిద గడికి చిల్లు కొట్టాలా, వదిలేయాలా నాయనా?" అని అడుగుతాడు. ఆయనకు చెప్పడానికి నా దగ్గర జవాబు ఉండదు. అందుకే నా ఫైళ్లన్నీ ముందే ఇండెక్స్‌డ్ మోడ్‌లోకి, అంటే పాలెట్‌లో ఎంచుకున్న కొన్ని రంగులే ఉండే పద్ధతిలోకి మారుస్తాను. నలుపు, తెలుపు, జరీకి ఇంకొక రంగు, అంతే. పాలెట్‌లో లేని రంగు ఆ తర్వాత పుట్టదు.

ఇక వృత్తం సంగతి. గింప్‌లో వృత్తం గీయాలంటే ఎలిప్స్ సెలెక్షన్‌తో చోటు ఎంచి, అందులో రంగు నింపాలి. చుట్టుదారే, ఒప్పుకుంటాను. అయితే ఆ సెలెక్షన్ టూల్ ఆప్షన్లలో ఒక మేలు దాగి ఉంది. స్థానం, వెడల్పు, ఎత్తు అంకెల్లో ఇవ్వవచ్చు. వెడల్పు ఎత్తుల నిష్పత్తిని కూడా కట్టేయవచ్చు.

నిష్పత్తి ఎందుకంటే, మగ్గం మీద గడి చతురస్రం కాదు. అంగుళానికి పడుగు 80 పోగులు, పేక 60 పోగులు అనుకుందాం. అంగుళం వెడల్పున్న గుండ్రటి బుటా నేయాలంటే గ్రాఫులో 80 గడుల వెడల్పు, 60 గడుల ఎత్తు ఉండాలి. తెర మీద అది కోడిగుడ్డులా సాగి కనిపిస్తుంది, బట్ట మీద గుండ్రంగా దిగుతుంది. షిఫ్ట్ నొక్కి గీసే నిండు వృత్తం, అంటే మిగతా ఎడిటర్లు గొప్పగా చూపించే సదుపాయం, మాకు ఎందుకూ కొరగాదు. గింప్‌లో 4:3 అని రాసి లాగితే చాలు.

దీనికి తోడు ఇంకొకటి ఉంది. ప్రింట్ సైజు పెట్టెలో గొలుసు గుర్తును తెంపి, అడ్డానికి 80, నిలువుకు 60 పిక్సెళ్లని రిజల్యూషన్ ఇవ్వాలి. తర్వాత వ్యూ మెనూలో డాట్ ఫర్ డాట్ టిక్కు తీసేయాలి. అంతవరకు సాగి ఉన్న బుటా తెర మీదే గుండ్రంగా మారుతుంది. నేశాక ఎలా ఉంటుందో అలాగే. ఫైల్‌లో ఒక్క పిక్సెల్ కూడా కదలదు. నన్ను గింప్‌కు కట్టి పడేసింది ఈ ఒక్క టిక్కే.

గళ్లు కూడా బాగా కుదురుతాయి. గ్రిడ్‌ను 8 పిక్సెళ్లకు ఒకటిగా పెట్టి, దానికి అతుక్కునే ఏర్పాటు ఆన్ చేస్తే దీర్ఘచతురస్రాల మూలలు సరిగ్గా గీతల మీదే పడతాయి. కేంద్రం నుంచి లాగినప్పుడు మాత్రం నాకు వెడల్పు ఎప్పుడూ సరిసంఖ్యలోనే వస్తుంది. బుటాకు నడుమ ఒకే పోగు కావాలంటే బేసిసంఖ్య ఉండాలి. అప్పుడు 41 అని చేత్తో రాస్తాను.

రంగు నింపడం వరకు ఇబ్బంది లేదు. అంచు గీత దగ్గర మాత్రం గింప్ నిజంగా విసిగిస్తుంది. సెలెక్షన్ హద్దు పిక్సెళ్ల మధ్య నుంచి పోతుంది. స్ట్రోక్ ఇస్తే, అంటే ఆ హద్దు వెంట గీత గీయమంటే, అది హద్దుకు అటు సగం, ఇటు సగం పడుతుంది. 2 పిక్సెళ్ల మందమైతే లోపల ఒకటి, బయట ఒకటి. 1 పిక్సెల్ అడిగితే అటు అర, ఇటు అర! లోపలా బయటా అని ఎంచుకునే వీలు ఆ పెట్టెలో ఉంటే సరిపోయేది. లేదు కాబట్టి నేను స్ట్రోక్ జోలికే పోను. ముందు మొత్తం నలుపు నింపి, సెలెక్షన్‌ను 1 పిక్సెల్ కుదించి, లోపలిది చెరిపేస్తాను. వంపు తిరిగే చోట గడి రెట్టింపు పడిందేమో చూసి పెన్సిల్‌తో దిద్దుతాను.

షిఫ్ట్ మీట ఇంకొక తలనొప్పి. లాగడం మొదలుపెట్టక ముందే నొక్కితే పాత సెలెక్షన్‌కు కొత్తది కలుస్తుంది. మొదలుపెట్టాక నొక్కితే నిష్పత్తిని కడుతుంది. ఒకే మీటకు ఈ రెండు పనులు అప్పగించినవాళ్లు ఎప్పుడూ తొందరలో పని చేసి ఉండరు.

గోపురం అంచుకు ఏటవాలు గీతలు కావాలి. పెన్సిల్‌తో ఒకచోట నొక్కి, షిఫ్ట్ పట్టి ఇంకొకచోట నొక్కితే గీత పడుతుంది. కంట్రోల్ కూడా కలిపితే 15 డిగ్రీల వంతున తిరుగుతుంది. 45 డిగ్రీలు తప్ప అందులో మాకు పనికొచ్చే కోణమే లేదు. 15 డిగ్రీల గీతలో ఒక మెట్టు 3 గడులు, ఇంకొకటి 4 గడులు పడి గోపురం వంకరపోతుంది. రెండు గడులకు ఒక మెట్టు, మూడింటికి ఒక మెట్టు అని గడుల లెక్కన కోణం అడిగే వీలుండాలి. ఇప్పటికైతే గళ్లు లెక్కపెట్టి చివరి బిందువు నొక్కుతున్నాను. రెండు వైపులా ఒకేలా రావడానికి 2.10లో వచ్చిన సిమెట్రీ పెయింటింగ్ ఆదుకుంటుంది. జీఫిగ్ అనే ఫిల్టర్‌లో నక్షత్రాలు, బహుభుజులు ఉన్నాయి కానీ, దాని చిన్న కిటికీలో గడులు కనబడవు. వదిలేశాను.

పింటా అనే ఇంకొక బొమ్మల ఎడిటర్ చాలా తేలిక. దీర్ఘచతురస్రానికీ గుండ్రటి మూలలకూ ఎలిప్స్‌కూ వేరువేరు టూళ్లున్నాయి. గీశాక కూడా ఎంటర్ కొట్టేదాకా బిందువులు పట్టుకుని లాగవచ్చు. యాంటీ అలియాసింగ్ పైన బారులోనే ఆపవచ్చు. బడి పిల్లలకు బొమ్మలు గీసే టీచర్లకు నేను చెప్పేది అదే. 4:3 అని ఎక్కడ రాయాలో మాత్రం నాకు అందులో దొరకలేదు.

చీరల కోసం గింప్ మొదలుపెట్టేవారికి ఒక మాట. అట్టలు కొట్టేవారికి పంపే ఫైల్ పీఎన్‌జీగానే ఎగుమతి చేయండి. జేపెగ్‌గా పంపితే, అంత కష్టపడి తీసేసిన బూడిద గడులు మళ్లీ వచ్చి చేరతాయి. వాట్సాప్‌లో కూడా ఫొటోగా కాకుండా డాక్యుమెంట్‌గా జత చేయండి.