వలస కూలీల పాత ఫోటోలు: క్లాసులో ఒక్కటి చాలా, వరుసగా చూపించాలా?

అమెరికా మహామాంద్యం (1930ల ఆర్థిక సంక్షోభం) పాఠం దగ్గరికి వచ్చేసరికి చరిత్ర టీచర్లు తరచూ ఒకే ప్రశ్న అడుగుతున్నారు. డొరోథియా లాంగ్ తీసిన ‘మైగ్రంట్ మదర్’ (వలస తల్లి) ఒక్క ఫోటో మీదే పీరియడంతా నడపాలా, లేక అదే రోజు అక్కడే తీసిన మిగతా ఫోటోలు కూడా పిల్లల ముందు పెట్టాలా?

ఒక్క ఫోటోతో నడిపితే పిల్లలు నిదానంగా చూస్తారు. ఫోటోను నాలుగు భాగాలు చేసి, మూడింటిని కాగితంతో మూసి, ఒక్కో భాగంలో ఏముందో రాయమంటే చాలు. చెంప దగ్గరికి వెళ్లిన చెయ్యి, చిరిగిన చొక్కా చేతులు, మొహాలు అటు తిప్పుకున్న ఇద్దరు పిల్లలు, ఒళ్లో పసిబిడ్డ ఒక్కొక్కటిగా బయటికొస్తాయి. టైమ్ తక్కువున్న చోట ఇది మంచి పద్ధతే.

చిక్కు ఆ తర్వాత వస్తుంది. కాసేపటికి క్లాసంతా ‘పాపం’ దగ్గర ఆగిపోతుంది. లాంగ్ అప్పుడు ప్రభుత్వ సంస్థ రీసెటిల్‌మెంట్ అడ్మినిస్ట్రేషన్ కోసం పనిచేస్తున్నారు. పేద రైతులకు, కూలీలకు సాయం అవసరమని దేశానికి చూపించడం ఆ ఫోటోల పని. అంటే పిల్లలకు కలిగిన జాలి ఆ ఫోటో కోరుకున్నదే. జాలిపడటం తప్పు కాదు, కానీ అది విశ్లేషణ కాదు.

నా దృష్టిలో తేల్చాల్సిన విషయం ఒక్కటే: ఫ్రేమ్ బయట ఏముందో అడిగే వీలు విద్యార్థికి ఉందా? ఒక్క ఫోటో చేతిలో ఉంటే ఆ ప్రశ్నకు ఊహే జవాబు. వరుసగా చూపిస్తే ఆధారం దొరుకుతుంది. 1936 మార్చిలో కాలిఫోర్నియాలోని నిపోమో దగ్గర, బఠాణీ కోత కూలీల శిబిరంలో లాంగ్ ఆ కుటుంబాన్ని కొంత దూరం నుంచీ తీశారు, దగ్గరికి వెళ్లీ తీశారు. దూరపు ఫోటోలో గుడారం మొత్తం ఉంటుంది, పెద్ద కూతురు ఉంటుంది. అందరికీ తెలిసిన ఫోటోలో ఆ కూతురు లేదు, గుడారం మొత్తం కనిపించదు. ఏది ముందు తీశారు, ఏది తర్వాత తీశారు అన్నదాని మీద పరిశోధకులే వాదించుకున్నారు. పిల్లలనూ వాదించనివ్వండి. ‘ఆ అమ్మాయిని ఎందుకు వదిలేశారు?’ అని ఒక విద్యార్థి అడిగితే పాఠం దారిలో పడినట్టే. ఇంకోటి కూడా చూపించవచ్చు. ఫోటో అంచున గుడారపు గుంజను పట్టుకున్న బొటనవేలు అడ్డుగా ఉందని 1939లో నెగెటివ్ మీదే దాన్ని చెరిపే ప్రయత్నం చేశారు.

క్యాప్షన్ మాత్రం మొదట్లో ఇవ్వకండి, చూడటం అయ్యాక ఇవ్వండి. అందులో నిపోమో, ఏడుగురు పిల్లల తల్లి, వయసు 32 అని ఉంది. పేరు లేదు. ఆమె ఫ్లారెన్స్ ఓవెన్స్ థాంప్సన్ అని, చెరోకీ అనే అమెరికా మూలవాసి తెగ మూలాలున్న మనిషి అని లోకానికి తెలిసింది 1978లో. కారు టైర్లు అమ్ముకుని తిండి కొనుక్కున్నారని లాంగ్ 1960లో రాశారు. అది నిజం కాదని కుటుంబం చెప్పింది. ఈ రెండు మాటలనూ పక్కపక్కన పెట్టి, దేన్ని ఎందుకు నమ్మాలో రాయమనండి. దీని ముందు ఏ వర్క్‌షీటూ నిలవదు.

క్యాప్షన్ అసలే ఇవ్వకుండా ‘ఇందులో ఏం జరుగుతోంది?’ అని మాత్రమే అడిగే పద్ధతి చిన్న పిల్లలకు, ఆర్ట్ క్లాసుకు బాగుంటుంది. చరిత్ర క్లాసుకు చాలదు.

వరుసకు ఇంకో మంచి ఉదాహరణ లియోనార్డ్ నడెల్ 1956లో తీసిన బ్రాసెరోల ఫోటోలు. 1942 నుంచి 1964 దాకా మెక్సికో కూలీలను ఒప్పందం మీద అమెరికా పొలాలకు రప్పించిన పథకం కింద వచ్చినవాళ్లే బ్రాసెరోలు. మెక్సికోలో కూలీలను ఎంచుకోవడం, సరిహద్దు దాటాక ఒంటిమీద డీడీటీ అనే పురుగుమందు చల్లడం, పొలం పని, వరుస మంచాల బస అన్నీ ఆ ఫోటోల్లో ఉన్నాయి. ఒక మనిషి ప్రయాణం మొదటి నుంచి చివరి దాకా అర్థం కావాలంటే లాంగ్ కన్నా నడెల్ మేలు. ఈయనకు డబ్బిచ్చింది ప్రభుత్వం కాదు, ఫండ్ ఫర్ ది రిపబ్లిక్ అనే ఫౌండేషన్. ఆ తేడా వల్ల కెమెరా దేని మీద ఆగిందో పోల్చమంటే పెద్ద క్లాసుల పిల్లలు బాగా రాస్తారు.

వరుసకు టైమ్ ఎక్కువ పడుతుంది, నిజమే. ఒక్క పీరియడే ఉంటే లాంగ్ ఫోటోలు రెండే తీసుకోండి, ఒకటి దూరంది, ఒకటి దగ్గరిది. దూరపుది ముందు చూపించండి. అమెరికా జాతీయ గ్రంథాలయం లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ సైట్‌లో ఇవి ఉచితంగా, పెద్ద సైజులో దొరుకుతాయి. ప్రింట్ తీసేటప్పుడు అంచులు కత్తిరించవద్దు.